తాళిలోకి సిలువ ఎలా వచ్చింది? మా అప్ప పెళ్ళి, 1704 నాటి ఒక ఆర్డరు

సాలూరు నుంచి మళ్ళీ నేనే. వెనకాల ఠంగు ఠంగుమని సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి, పక్క వీధిలో లారీ బాడీ షెడ్డు ఉంది. ఎంత మంచి మైక్ కొన్నా సాలూరులో ఆ సౌండ్ మాత్రం పోదు.

ఇవాళ్టి టాపిక్ మా ఇంట్లోనే మొదలైంది. మా అప్పకి పెళ్ళి కుదిరింది. మా వైపు అక్కని అప్ప అంటాం, గోదావరి జిల్లాల వాళ్ళు కామెంట్లలో నవ్వొద్దు. తాళి చేయించడానికి బంగారం షాపుకి వెళ్తే, షాపాయన మోడల్స్ తియ్యకముందే ఒక ప్రశ్న అడిగాడు: "మీరు ఆర్‌సీఎమ్మా, లూథరనా, పెంతెకోస్తా?" ఆర్‌సీఎం అని చెప్పగానే ఇంకో మాట లేకుండా ఒక ట్రే బయటకి తీశాడు. అందులో అన్నీ పుస్తెలే, ప్రతి దాని మీదా చిన్న సిలువ. ఆయనకి మా థియాలజీ మొత్తం తెలుసన్నమాట.

ఆ పుస్తెల ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అది నా తప్పు. మా పెద్దమ్మ వాళ్ళు ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తున్నారు. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది, నాలుగు నిమిషాలు. సారాంశం: తాళి అన్యుల ఆచారం, అందులో సిలువ పెడితే పవిత్రమైపోదు, ఉంగరం చాలు. మామ్మ దానికి ఒక్క ముక్కలో జవాబిచ్చింది: "తాళి నేకుండా పెళ్ళేటి?" అక్కడితో ఆగిపోయేదే, కానీ అదే ఫోటో నేను స్టేటస్‌లో కూడా పెట్టాను. కాలేజీలో నాతో చదివిన ఒకతను రిప్లై ఇచ్చాడు: "మతం మారాక మా తాళి మీకెందుకురా?"

ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు, గమనించారా? పెద్దమ్మకీ, మా క్లాస్‌మేట్‌కీ ఒకరి ముఖం ఒకరికి తెలీదు. అయినా తాళి మనది కాదు, వేరే వాళ్ళది అనే పాయింట్ మీద ఇద్దరూ కలిశారు. నాకు కోపం కంటే ముందు డౌట్ వచ్చింది. అసలు తాళి మీద సిలువ వెయ్యొచ్చని మొదట అన్నది ఎవరు? ఎప్పుడు? కోడింగ్ చేసిన రోజుల్నుంచీ నాకున్న అలవాటు ఇది. ఒక లైన్ అర్థం కాకపోతే దాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో వెనక్కి వెళ్ళి చూడటం.

వెనక్కి వెళ్తే దొరికిన తేదీ 1704 జూన్ 23. ఊరు పాండిచ్చేరి. కానీ ఆ తేదీ అర్థం కావాలంటే ఇంకో వందేళ్ళు వెనక్కి, మధురైకి వెళ్ళాలి.

1606లో రాబర్టో దె నొబిలి అనే ఇటలీ కుర్రాడు మధురై చేరాడు. కుర్రాడే, అప్పటికి ఆయనకి 30 కూడా లేవు. రోమ్‌లో పెద్దింటి బిడ్డ. జెస్యూట్, అంటే మన తెలుగు కాథలిక్కుల మాటలో యేసుసభ గురువు. అక్కడ అప్పటికే ఒక పోర్చుగీస్ ఫాదర్ పదేళ్ళకి పైగా పనిచేస్తున్నాడు. స్థానిక పెద్ద కులాల నుంచి ఒక్కరు కూడా ఆయన దగ్గరికి రాలేదు. నొబిలి కారణం వెతికాడు. తీరంలో జ్ఞానస్నానం తీసుకున్న వాళ్ళందరినీ జనం 'ఫిరంగి' అంటున్నారు. ఫిరంగి అంటే గొడ్డు మాంసం తింటాడు, తాగుతాడు, స్నానం చెయ్యడు, ఎవరితో పడితే వాళ్ళతో కూర్చుంటాడు, ఇదీ జనం లెక్క. క్రైస్తవుడవడం అంటే ఫిరంగి అవడమే అని అందరూ అనుకుంటున్నారు.

నొబిలి నల్ల అంగీ తీసేసి కాషాయం కట్టాడు. మాంసం మానేశాడు. వేరే ఇంట్లో ఉన్నాడు. తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. ఆ కాలంలో మధురైని ఏలుతున్నది నాయకులు, వాళ్ళ ఇంటి భాష తెలుగు. నొబిలికి సంస్కృతం నేర్పిన శివధర్మ అనే పండితుడు కూడా తెలుగు బ్రాహ్మణుడే. కాబట్టి ఇది తమిళనాడు కథ, మనకెందుకులే అనుకోవద్దు. ఇందులో మన వాళ్ళు మొదటి సీన్ నుంచీ ఉన్నారు.

నొబిలి వాదన సింపుల్. జంధ్యం, పిలక, గంధం బొట్టు, స్నానం, ఇవి ఒక మనిషి ఎవరో, ఏ ఇంటివాడో చెప్పే సామాజిక గుర్తులు. పూజ వేరు, గుర్తు వేరు. రోమ్‌లో పెద్దమనిషి తన హోదాకి తగ్గ బట్ట కట్టుకుంటే తప్పు కానప్పుడు మధురైలో ఎందుకు తప్పవుతుంది? తోటి గురువులే ఆయన మీద కంప్లైంట్ పెట్టారు. గోవాలో గొడవ, రోమ్‌కి ఉత్తరాలు. చివరికి 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగరీ, షరతులతో సరే అన్నారు. జంధ్యం ఉంచుకోవచ్చు, గంధం పెట్టుకోవచ్చు, దాని వెనకున్న పూజ అర్థం మాత్రం వదిలెయ్యాలి. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది: గొప్ప పుట్టుక ఉందని గర్వపడేవాళ్ళు కింది వాళ్ళని చిన్నచూపు చూడొద్దు, ముఖ్యంగా గుడిలో. పైనున్న పర్మిషన్లని అందరూ చదివారు. ఈ లైన్ చాలామంది స్క్రోల్ చేసేశారు.

ఎందుకంటే సిస్టమ్ ఇలా తయారైంది. బ్రాహ్మణ సన్యాసిలా బతికే గురువు కింది కులాల ఇళ్ళకి వెళ్తే పై కులాల వాళ్ళు ఆయన ముఖం చూడరు. అందుకని 1640 నుంచి రెండో రకం గురువులు వచ్చారు. వీళ్ళని పండారస్వాములు అనేవాళ్ళు. వీళ్ళు మిగతా కులాల మధ్య తిరిగేవాళ్ళు. దేవుడు ఒకడే, ఆయన గురించి చెప్పడానికి మాత్రం రెండు డ్రెస్ కోడ్‌లు. నొబిలిని నేను తక్కువ చెయ్యట్లేదు. ఆ తెలివి, ఆ ధైర్యం నాకు లేవు. కానీ ఈ ఏర్పాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నా ప్రశ్న ఒక్కటే: మా ఇంటికి ఏ రకం గురువు వచ్చి ఉండేవాడు?

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. 1700 దాటాక పాండిచ్చేరిలోని ఫ్రెంచి జెస్యూట్లు మధురై పద్ధతిలోనే కర్నాటక మిషన్ మొదలుపెట్టారు. పేరు కర్నాటక అని ఉన్నా అందులో చాలా భాగం తెలుగు ప్రాంతం. చిత్తూరు వైపు పుంగనూరు, ఇంకా లోపలికి రాయలసీమలో కృష్ణాపురం. కాషాయం, శాకాహారం, తెలుగు మాట. అక్కడ రెడ్లు, కమ్మవాళ్ళు కొందరు క్రైస్తవులయ్యారు. తర్వాత కరువులు, యుద్ధాల మధ్య కొన్ని కుటుంబాలు గుంటూరు వైపు వలస వచ్చాయి. ఫిరంగిపురం, పాటిబండ్ల లాంటి ఊళ్ళ పాత కాథలిక్కుల కథ అక్కడి నుంచే నడుస్తుంది.

చిన్న పక్కదారి, క్షమించండి. ఈ మిషన్‌లోనే కూర్దూ అనే ఫ్రెంచి ఫాదర్ ఉన్నాడు. తెలుగు బాగా వచ్చినవాడు. 1767లో ఆయన పారిస్‌కి ఒక ఉత్తరం రాశాడు: సంస్కృతానికీ, లాటిన్, గ్రీకులకీ ఇన్ని మాటలు ఎందుకు కలుస్తున్నాయి, వీటన్నిటికీ మూలం ఒకటేనేమో అని. స్కూల్లో మనకి విలియం జోన్స్ పేరు చెప్తారు కదా, ఆయన కలకత్తాలో ఆ మాట అన్నది 1786లో. దాదాపు 20 ఏళ్ళ తర్వాత. కూర్దూ మీద విడిగా ఎపిసోడ్ చేస్తా.

అసలు పాయింట్. ఈ మిషన్ మొదలైన కొత్తల్లోనే పాండిచ్చేరిలో కపూచిన్ గురువులు రోమ్‌కి ఫిర్యాదులు పంపారు, జెస్యూట్లు విగ్రహారాధనని పెరటి గుమ్మం నుంచి లోపలికి తెస్తున్నారని. అప్పటికే చైనాలో కూడా ఇదే రకం గొడవ నడుస్తోంది, అక్కడ పూర్వీకులకి నమస్కారం పెట్టొచ్చా లేదా అని. పోపు తన ప్రతినిధిగా తూర్నోన్ అనే ఆయన్ని పంపారు. ఆయన చైనా వెళ్తూ దారిలో, 1703 నవంబర్‌లో పాండిచ్చేరిలో దిగాడు. ఎనిమిది నెలలున్నాడు. ఎక్కువ రోజులు జ్వరాలతో మంచం మీదే. మన ఊళ్ళు తిరగలేదు. ముఖ్యంగా ఇద్దరు జెస్యూట్లతో మాట్లాడాడు, వాళ్ళలో ఒకరు కర్నాటక మిషన్ పెద్ద ఫాదర్ బుషే. తర్వాత 16 అంశాలతో ఆర్డరు రాశాడు. తేదీ జూన్ 23, బయటపెట్టింది జూలై 8న, ఓడ ఎక్కింది జూలై 11న. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడ్ పంపేసి ఫోన్ స్విచాఫ్ చేసే సీనియర్లని నేను చూశాను. ఇదీ అలాంటిదే.

ఇంగ్లిష్‌లో దీన్ని మలబార్ రైట్స్ గొడవ అంటారు. మలబార్ అంటే కేరళ అనుకునేరు. ఆ రోజుల్లో యూరప్ వాళ్ళు మన దక్షిణాది లోపలి ప్రాంతాలకి కూడా ఆ పేరే వాడేశారు.

ఆ 16 అంశాల్లో కొన్ని చదువుతుంటే మా ఇంటి పెళ్ళి వీడియో చూస్తున్నట్టే ఉంది. పెళ్ళిలో రావి కొమ్మ పెట్టడం, 108 పోగుల పసుపుతాడు, కొబ్బరికాయ పగిలిన తీరు చూసి శకునం చెప్పడం, వీటికి నో. విభూతికీ, నుదుటి మీద తెలుపు, ఎరుపు బొట్లకీ నో. ఆరేడేళ్ళ పిల్లలకి పెళ్ళి చెయ్యడానికి నో. ఇది మాత్రం మంచిదే కదా! ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుకకి నో. మన దగ్గర ఇప్పుడు మేరీమాత బొమ్మతో ఫ్లెక్సీ కట్టి మరీ హాఫ్‌శారీ ఫంక్షన్ చేస్తున్నాం, ఆయన చూస్తే ఏమయ్యేవాడో. అదే చోట ఇంకోటి ఉంది: నెలసరిలో ఉన్న ఆడవాళ్ళని గుడికి రానివ్వకపోవడం, పాపసంకీర్తనానికి రానివ్వకపోవడం కుదరదు. ఇది 1704 నాటి మాట అని గుర్తుపెట్టుకోండి.

ఎంగిలి విషయం ఇంకో రకం. అప్పటి జ్ఞానస్నానంలో గురువు తన ఉమ్మితో బిడ్డ చెవుల్నీ, ముక్కునీ తాకేవాడు, సువార్తలో యేసు చేసినట్టు. యూరప్‌లో అది మామూలు విషయం. మన దగ్గర? ఎంగిలి అనే మాటకి వాళ్ళ భాషల్లో సరైన మాటే లేదు. బిడ్డకి ఉమ్మి రాస్తే తల్లి ఊరుకుంటుందా? జెస్యూట్లు ఆ ఘట్టాన్ని వదిలేసేవాళ్ళు. తూర్నోన్ ఒప్పుకోలేదు, చెయ్యాల్సిందే అన్నాడు. 1969లో శ్రీసభ ప్రపంచం మొత్తానికీ పిల్లల జ్ఞానస్నాన విధిని కొత్తగా రాసినప్పుడు ఆ ఉమ్మి తీసేశారు. కారణం మనం కాదు గానీ, మన తల్లులు అడిగింది 265 ఏళ్ళకి జరిగింది.

ఇక తాళి. అప్పుడు ఆ ప్రాంతంలో తాళి మీద పిళ్ళైయార్, అంటే వినాయకుడి బొమ్మ ఉండేది. తూర్నోన్ దాన్ని నిషేధించాడు. కానీ తాళినే నిషేధించలేదు! ఆడవాళ్ళకి తాళి లేకుండా కుదరదనుకుంటే, సిలువ గానీ, యేసు లేదా మరియమాత బొమ్మ గానీ ఉన్న తాళి కట్టుకోవచ్చన్నాడు. చూశారా? బంగారం షాపాయన ట్రేలో ఉన్నది ఇదే. మన ఆచారాలన్నిటికీ కత్తెర పట్టుకున్న మనిషి కూడా అక్కడ ఆగాడు. పెద్దమ్మ దాన్ని కల్తీ అంటోంది, మా క్లాస్‌మేట్ దొంగతనం అంటున్నాడు. నాకైతే 300 ఏళ్ళ కింద మన ఆడవాళ్ళు గెలిచిన ఒక బేరంలా కనిపిస్తోంది. ఆ ఆర్డరులో వాళ్ళ పేర్లు లేవు. కానీ వాళ్ళు తియ్యం అని కూర్చోకపోతే ఆ వెసులుబాటు ఎందుకు ఇస్తాడు చెప్పండి?

వీడియో ఇక్కడితో ఆపేస్తే బావుండేది. థంబ్‌నెయిల్ కూడా రెడీగా ఉంది. కానీ ఆ 16లో ఇంకోటి ఉంది, నాకు నిద్ర పట్టనివ్వనిది.

అస్పృశ్యులుగా చూసిన పరయ కులం వాళ్ళకి జబ్బు చేస్తే గురువు వాళ్ళ ఇంటికి వెళ్ళేవాడు కాదు. చావు బతుకుల్లో ఉన్న మనిషిని మోసుకుని గుడి దగ్గరికో, ఇంకో చోటికో తేవాలి, అక్కడ అభ్యంగనం ఇస్తారు. తూర్నోన్ ఆర్డరు దీన్ని ఆపమంది. గురువులు వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళాలి, రోగికి అక్కడే సంస్కారాలు ఇవ్వాలి, కులం చూడకూడదు.

ఇప్పుడు చెప్పండి, ఈ కథలో విలన్ ఎవరు? బొట్టు, తాళి, గంధం విషయంలో మన సంస్కృతిని అర్థం చేసుకున్నది జెస్యూట్లు. జబ్బు మనిషి ఇంటి గడప దాటమన్నది, మన సంస్కృతి గురించి ఏమీ తెలియని, జ్వరంతో పడుకున్న ఆ ఫారిన్ అధికారి. తెలియకపోవడం వల్లే చెప్పగలిగాడేమో అని కూడా నాకు అనిపిస్తుంది. బాగా తెలిసినవాళ్ళకి 'ఇక్కడ ఇలాగే ఉంటుంది' అనే అలవాటు కూడా వచ్చేస్తుంది.

తర్వాత జరిగింది చాలా పొడుగు, స్పీడ్‌గా చెప్పేస్తా. ఫాదర్ బుషే ఆ ఆర్డరు మీద అప్పీలుకి రోమ్ దాకా వెళ్ళాడు. 40 ఏళ్ళు లాగారు. చివరికి 1744 సెప్టెంబర్ 12న పోపు 14వ బెనెడిక్ట్ ముగింపు పత్రం ఇచ్చారు. చాలా వరకు తూర్నోన్ మాటే నిలబడింది. ఉమ్మి విషయంలో మాత్రం పదేళ్ళు గడువు దొరికింది. నియమాలు పాటిస్తామని మిషనరీలు ప్రమాణం చెయ్యాలి. ఆ ప్రమాణాన్ని తీసేసింది 1940లో. మరి ఇంటి గడప సంగతి? జెస్యూట్లు ఒక ప్రపోజల్ పెట్టారు: పరయల కోసం విడిగా కొందరు గురువుల్ని పెడతాం, వాళ్ళు ఆ ఇళ్ళకి వెళ్తారు, మిగతావాళ్ళు వెళ్ళరు. పోపు ఒప్పుకున్నారు. మా భాషలో దీన్ని వర్క్‌అరౌండ్ అంటాం. టికెట్ క్లోజ్ అయింది, బగ్ అలాగే ఉంది.

అప్పటికి మన ఉత్తరాంధ్రలో ఈ కథే లేదు. మన వైపు కాథలిక్ మిషన్ వేరే దారిలో, వందేళ్ళు ఆలస్యంగా వచ్చింది. 1845లో ఆల్ప్స్ కొండల్లోని ఆనెసీ అనే ఊరి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు బయల్దేరి, 1846లో విశాఖపట్నం చేరారు. వాళ్ళని మన పెద్దవాళ్ళు ఫ్రెంచి దొరలు అంటారు. నిజానికి వాళ్ళది సావోయ్. అప్పటికి ఆ ప్రాంతం ఫ్రాన్స్‌లో లేదు, 1860లో కలిసింది. తూర్నోన్ కుటుంబం మూలాలు కూడా అదే సావోయ్. వాళ్ళకిచ్చిన ఏరియా మ్యాప్‌లో చూస్తే భయమేస్తుంది, గోదావరి వైపు నుంచి ఒరిస్సా దాకా, అవతల నాగపూర్ దాకా. 1849లో సెయింట్ జోసెఫ్ సిస్టర్స్ వచ్చారు. విశాఖ హార్బరు దగ్గర రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడి ఫోన్‌లోనూ ఆ మూడు కొండల ఫోటో ఉంటుంది.

సాలూరులో అయితే చర్చి అంటే ముందు గుర్తొచ్చేది లూథరన్లే. 1880ల్లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలు సాలూరు, కోరాపుట్ నుంచి పని మొదలుపెట్టారు. కుష్ఠు రోగుల కోసం వాళ్ళు మొదలుపెట్టిన ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఇప్పటికీ మనందరికీ ల్యాండ్‌మార్కు. ఇంట్లోవాళ్ళే ముట్టుకోని మనుషుల్ని ముట్టుకున్న చోటు అది. ఇంటి గడప గురించి మాట్లాడుతూ ఆ ఆసుపత్రి పేరు చెప్పకపోతే తప్పు.

కట్ చేస్తే 1960లు. రెండో వాటికన్ మహాసభ, 1962 నుంచి 65 దాకా. లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వచ్చింది. 1969 ఏప్రిల్ 25న రోమ్ ఇండియాకి 12 మార్పులు ఓకే చేసింది. చెప్పులు విప్పి నేల మీద కూర్చోవచ్చు. మోకాలు వంచే బదులు చేతులు జోడించి బాగా వంగడం. సమాధానం ఇచ్చిపుచ్చుకోవడానికి చేతులు జోడించి నమస్కారం. కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు. పూజలో పూలతో, ధూపంతో, దీపంతో హారతి. నొబిలి బతికుంటే పార్టీ ఇచ్చేవాడు.

వెంటనే రెండు వైపుల నుంచీ దెబ్బలు. ఒకరు, ఇది శ్రీసభని హిందూ మతంలో కలిపేయడం అన్నారు. పెద్దమ్మ వాయిస్ మెసేజ్‌కి ముత్తాత అన్నమాట. ఇంకొకరు దళిత క్రైస్తవులు. వాళ్ళ ప్రశ్న వేరు, నాకు చాలా దగ్గరిది. భారతీయ సంస్కృతి అంటున్నారు, ఎవరి సంస్కృతి? ఏ గుళ్ళలోకి మా తాతల్ని రానివ్వలేదో ఆ గుళ్ళ పళ్ళెం తెచ్చి, ఇది నీ సంస్కృతి అంటే నేనేమనాలి? ఆ 12లో డప్పు ఎక్కడ?

హారతి అంటే నాకిష్టం. చిన్నప్పటి క్రిస్మస్ రాత్రి పూజలో నాకు గుర్తున్న మొదటి వెలుగు అదే. ఆ ప్రశ్న కూడా కరెక్టే. రెండిటినీ కలిపే లైన్ నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించను.

బొట్టుకి ఇంకో వైపు కూడా ఉంది, ఇంట్లో పైకి మాట్లాడుకోరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. తర్వాత సిక్కులకీ, బౌద్ధులకీ ఇచ్చారు, క్రైస్తవులకీ ముస్లింలకీ ఇవ్వలేదు. ఎస్టీలకి ఈ రూల్ లేదు. అందుకే మన మన్యంలో ఒక జాతాపు కుర్రాడు చర్చికి వెళ్తే సర్టిఫికెట్‌కి ఏమీ కాదు, పక్క పేటలో దళిత కుర్రాడు వెళ్తే అవుతుంది. కాబట్టి ఒక ఇంట్లో ఆడపిల్ల నుదుట బొట్టు చూసి సంస్కృతి అనో, విశ్వాసం తక్కువనో తీర్పు చెప్పేముందు కాస్త ఆగండి. అది కొన్నిచోట్ల ఎమ్మార్వో ఆఫీసుకి సమాధానం కూడా.

2016 డిసెంబర్‌లో ఇండియా కాథలిక్ బిషప్పులు దళిత పాలసీ అని ఒక పత్రం తెచ్చారు. దేశంలో ఉన్న దాదాపు 1.9 కోట్ల మంది కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులని, అయినా నాయకత్వంలో వాళ్ళు చాలా తక్కువని, వివక్ష ఇంకా ఉందని వాళ్ళే ఒప్పుకున్నారు. 2022 ఆగస్టులో మన కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని గారు, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి, కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. 1704 నుంచి లెక్కపెడితే 318 ఏళ్ళు. ఆ రోజు మా ఇంట్లో ఆ న్యూస్ వీడియో మామ్మకి చూపించాను. ఆమె స్క్రీన్‌ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

ఈ స్క్రిప్ట్ రాసేటప్పుడు మామ్మని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నొబిలి, తూర్నోన్, పోపులు, అన్నీ. ఆమెకి ఆ పేర్లేవీ పట్టలేదు. గడప దగ్గర మాత్రం నన్ను ఆపేసింది. "మా ఇంటికి ఫాదరు వచ్చిన రోజు నీకు సెప్నేదా?" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె పెళ్ళై వచ్చిన కొత్త. ఊళ్ళో గుడి ఉంది, గుడిలో అందరూ కలిసే ఉంటారు, అంటే ఎవరి వైపు వాళ్ళు. మా ముత్తాతకి జబ్బు చేసింది. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు సైకిల్ మీద మా పేటకి వచ్చారట. మోసుకొస్తాం బాబూ అని ఉపదేశి అంటుంటే వినకుండా వంగి లోపలికి వచ్చేసి, మంచం పక్కన కూర్చున్నారట. ప్రార్థన అయ్యాక దాహం అన్నారు. మామ్మ దగ్గర చోడంబలి తప్ప ఏమీ లేదు. ఉన్న ఒక్క ఇత్తడి గ్లాసు తోమి అంబలి పోసి ఇచ్చింది. "తాగీసి, ఇంకొంచెం ఉందా అమ్మా అన్నాడు. వీధి వీధంతా గుమ్మం కాడ నిలబడి సూసినారు."

తర్వాత ఏమైంది మామ్మా అని అడిగాను.

"ఏటవుద్ది? ఆ ఆదివారం పైవీధోళ్ళు పూజకి రానేదు. రెండు వారాలు రానేదు. మల్లీ వచ్చినారు."

1744లో పోపుకి చెప్పిన కారణం గుర్తుందా? గురువు ఆ ఇళ్ళకి వెళ్తే మిగతావాళ్ళు రారు అని. నిజమే, రాలేదు. రెండు వారాలు.

అప్ప పెళ్ళికి సిలువ ఉన్న పుస్తెలే ఆర్డర్ ఇచ్చాం. పెద్దమ్మ పెళ్ళికి వస్తానంది, తాళి కట్టే టైమ్‌కి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుందట, అది ఆమె ఇష్టం. మా క్లాస్‌మేట్‌కి ఈ వీడియో లింక్ పంపిస్తున్నా. శుభలేఖ కూడా. మామ్మ ఇప్పుడు వేరే పనిలో పడింది, భోజనాల లిస్టు తన చేతుల్లోకి తీసుకుంది. పైవీధిలో ఏ ఇళ్ళకి ఎవరు వెళ్ళి పిలవాలో రాయిస్తోంది, రాసేది నేనే. అత్తయ్య, "అందరూ మనింట తింటారా అమ్మా?" అని అడిగితే మామ్మ తల ఎత్తకుండా, "పిలు. పిలిస్తే కదా తెలిసేది" అంది.

సరే, షెడ్డులో వెల్డింగ్ మొదలైంది, ఇక రికార్డింగ్ కుదరదు. మీ ఇళ్ళలో తాళి మీద ఏముందో, పెద్దవాళ్ళు ఏం చెప్తారో కామెంట్ చెయ్యండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్ ఫాదర్ కూర్దూ మీద. ఉంటాను మరి.